ఎద్దులూ బండా ఒకదాన్నొకటి సమానంగా లాక్కుంటుంటే బండ ఎలా కదులుతోంది?

మీ ప్రశ్న ఇదీ. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి తిరునాళ్లలో బండలాగుడు చూసొచ్చి, "ఎద్దులు బండను ఎంత బలంతో లాగితే బండ కూడా ఎద్దులను అంతే బలంతో వెనక్కి లాగుతుందని న్యూటన్ మూడో నియమంలో ఉంది కదా, రెండూ సమానమైతే కొట్టేసుకుపోవాలి, మరి బండ ఎలా కదిలింది?" అని అడిగింది. స్కూల్లో అడిగితే "అవి వేరే వేరే వస్తువుల మీద పనిచేస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్క మీకూ మింగుడు పడలేదు.

సూటిగా చెప్పేస్తాను. బండ కదులుతుందా లేదా అన్నది ఎద్దులకూ బండకూ మధ్య తేలే వ్యవహారం కాదు, నేలతో తేలే వ్యవహారం. అడ్డంగా చూస్తే బండ మీద రెండే బలాలున్నాయి: గొలుసు ముందుకు లాగుతోంది, నేల ఘర్షణ వెనక్కి పట్టుకుంటోంది. లాగుడు ఘర్షణను మించిన క్షణం బండ కదులుతుంది, అంతే. బండ ఎద్దులను వెనక్కి లాగే బలం ఈ లెక్కలోకి రానే రాదు, ఎందుకంటే అది బండ మీద లేదు, ఎద్దుల మెడ మీద ఉంది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, మాది పల్నాడు వైపు, కాబట్టి ఈ ప్రశ్నలో ఉన్న రెండు సగాలూ నాకు బాగా తెలిసినవే. ఇంకో సంగతి, మీ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. 1687లో న్యూటన్ తన నియమాలు అచ్చు వేయించినప్పుడు మూడో నియమం కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి సరిగ్గా ఇదే: తాడు కట్టి రాయిని లాగే గుర్రం, ఆ రాయి గుర్రాన్ని కూడా అంతే బలంతో తనవైపు లాగుతుందని రాశాడు. అక్కడ గుర్రం, మన దగ్గర ఒంగోలు గిత్తలు, అంతే తేడా.

ఇప్పుడు "వేరే వేరే వస్తువుల మీద" అన్న ముక్క సంగతి. నా ఖాతాలోంచి మీ ఖాతాలోకి పది వేలు పంపాననుకోండి. నాకు పది వేలు తగ్గింది, మీకు సరిగ్గా పది వేలు పెరిగింది, పైసా తేడా లేదు. అలాగని మీ పాస్‌బుక్‌లో "రెండూ సమానం, కొట్టేసుకున్నాయి, పెరిగింది సున్నా" అని ఎవరైనా రాస్తారా? మూడో నియమం చెప్పేది రెండు పాస్‌బుక్కుల మధ్య ఉండే సంబంధం. రెండో నియమం, అంటే అన్ని బలాలూ కలిపాక మిగిలే ఫలిత బలం ఉంటే త్వరణం (వేగం మారడం) ఉంటుందనేది, ఒక్క పాస్‌బుక్ లోపలి లెక్క. పిల్లలు ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలిపేస్తారు, చిక్కంతా అక్కడే.

అందుకే నేను క్లాసులో ముందు ఒక్క వస్తువును ఎంచుకోమంటాను. మిగతావన్నీ చెరిపేసి దాన్ని ఒక్కదాన్నే గీయాలి, దాన్ని *తాకి* లాగేవి, తోసేవి ఏవేవో రాయాలి, చివర్లో భూమి లాగుడు కలపాలి. దీన్నే పుస్తకాల్లో స్వేచ్ఛా వస్తు పటం అంటారు, పిల్లలు ఎఫ్‌బీడీ అంటారు.

బండను గీస్తే: గొలుసు ముందుకు, ఘర్షణ వెనక్కి, బరువు కిందికి, నేల ఆనుడు పైకి. పుస్తకం భాషలో ఈ ఆనుడు అభిలంబ బలం. ఎద్దులను గీస్తే: గొలుసు వెనక్కి, బరువు కిందికి, నేల ఆనుడు పైకి, ఇక ముందుకు ఏమిటి? ఇక్కడే క్లాసులో సగం మంది ఆగిపోతారు. "ఎద్దుల బలం సార్" అంటారు. ఎద్దు తన బలంతో తననే ముందుకు తోసుకోలేదండీ, మీ జుట్టు మీరే పట్టుకుని మిమ్మల్ని మీరు పైకి ఎత్తుకోలేరు కదా. ఎద్దులను ముందుకు తోసేది నేల. ఎద్దు గిట్టతో మట్టిని వెనక్కి తన్నుతుంది, మట్టి ఎద్దును ముందుకు తోస్తుంది. మూడో నియమం చెప్పే చర్య ప్రతిచర్య జంట ఇక్కడా ఒకటుంది, కానీ అది ఎద్దుకీ నేలకీ మధ్య.

ఈసారి పోటీకి వెళ్తే జత దాటిపోయాక నేల చూడమనండి. గిట్ట దిగిన గుంటలో వెనక గోడ గట్టిగా నొక్కుకుపోయి ఉంటుంది, దాని వెనక పెళ్లగిలిన మట్టి చిన్న కుప్పగా పడి ఉంటుంది. మధ్యలో బండ జారిన దారి మాత్రం నున్నగా, రుద్దినట్టు మెరుస్తుంది. గిట్టల మట్టి వెనక్కి పోయింది, బండ కింది మట్టి ముందుకు ఈడ్చుకుపోయింది. నేల మీద ఎవరు ఎటు తోశారో నేలే రాసిపెట్టింది.

ఇప్పుడు ఎద్దులనూ బండనూ కలిపి ఒకే వస్తువు అనుకుని గీయండి. ఇలా చూస్తే మీ అమ్మాయి అన్నది నిజమే! గొలుసు ఒక కొసన ముందుకు, ఇంకో కొసన వెనక్కి లాగుతుంది, ఆ రెండూ లోపలి బలాలు, నిజంగానే కొట్టేసుకుపోతాయి. మిగిలేది బయటి నుంచి వచ్చేవే: గిట్టలను నేల ముందుకు తోసే బలం, బండను నేల వెనక్కి పట్టే బలం. ఆ రెండింటి మధ్యే పోటీ. ఎద్దుల కండబలం ఎంత ఉన్నా గిట్టకు పట్టు దొరక్కపోతే పనికిరాదు. నున్నటి గ్రానైట్ ఫ్లోరింగ్ మీద, దాని మీద కాస్త నీళ్లు చల్లి, రాష్ట్రంలోనే మొదటి బహుమతి కొట్టిన జతను కట్టి చూడండి, ఖాళీ బండిని లాగడానికే తిప్పలు పడతాయి. చర్నాకోల ఎంత ఝుళిపించినా గిట్ట కింద ఘర్షణ గుణకం, అంటే నేలను నొక్కే బలంలో ఎన్నో వంతు పట్టుగా దొరుకుతుందనే అంకె, పెరగదు (ఈ మాట కొందరు తోలేవాళ్లకు నచ్చదని తెలుసు).

అంకెలతో చూద్దాం, లేకపోతే ఇదంతా మాటలుగానే మిగిలిపోతుంది. బండ 1500 కిలోలు అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి గురుత్వ త్వరణం 10 తీసుకుంటే బరువు 15000 న్యూటన్లు. బండకీ మట్టికీ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, జారుతున్న బండను పట్టి ఉంచే ఘర్షణ 9000 న్యూటన్లు. జత మొత్తం 1100 కిలోలు అనుకోండి, అంటే 11000 న్యూటన్లు. గొలుసు నేలకు సమాంతరంగా ఉందనుకుంటే గిట్టల కింద నేల 9000 ఇవ్వాలి, గిట్టలు నేలను నొక్కేది 11000తో. 9000ను 11000తో భాగిస్తే 0.82. అంత పట్టు కావాలంటే నేల చాలా గట్టిగా సహకరించాలి.

కానీ గొలుసు సమాంతరంగా ఉండదు కదా! బండ నేల మీద ఉంటుంది, కాడి ఎద్దు మెడ మీద ఉంటుంది. గొలుసు బండ నుంచి ఏటవాలుగా పైకి వెళ్తుంది. 15 డిగ్రీల వాలు అనుకుని లెక్క కడితే గొలుసులో తన్యత, అంటే గొలుసు వెంట ఉండే లాగుడు, సుమారు 8000 న్యూటన్లు వస్తుంది. అందులో ముందుకు లాగే భాగం 7750 దాకా, బండను పైకి ఎత్తే భాగం 2080 దాకా. పైకి ఎత్తడం వల్ల బండ నేలను నొక్కేది తగ్గింది, దాంతో ఘర్షణ కూడా 9000 నుంచి 7750కి దిగింది. ఇక అదే గొలుసు అవతలి కొసన ఏం చేస్తోంది? కాడిని వెనక్కీ కిందికీ లాగుతోంది. అంటే ఎద్దులు నేలను 11000తో కాదు, 13080తో నొక్కుతున్నాయి. 7750ని 13080తో భాగిస్తే 0.59. 0.82 కావాల్సిన చోట 0.59 సరిపోయింది! ఒక్క వాలు వల్ల బండ తేలికైంది, ఎద్దుల పట్టు పెరిగింది. చూశారా, బండ ఎద్దులను లాగే ఆ "వెనక్కి లాగే బలం" ఉంది చూడండి, మీ అమ్మాయి అడ్డం అనుకున్నది, అందులో కొంత భాగం ఎద్దుల గిట్టలను నేలకు అదిమి వాటికి సాయమే చేస్తోంది. మా ఊళ్లో పెద్దవాళ్లు ఏ లెక్కా కట్టకుండానే గొలుసు పొడవు సర్దేవాళ్లు. పొడవు పెరిగితే వాలు తగ్గిపోతుంది, మరీ పొట్టిదైతే బండ ఎద్దుల కాళ్ల మీదికి వస్తుంది.

ఆ అంకెలన్నీ నేను అనుకున్నవే సుమా, ఏ పోటీలోనూ కొలిచినవి కావు. బండ బరువు పోటీని బట్టి, ఎద్దుల పళ్ల సంఖ్యను బట్టి చేసే విభాగాన్ని బట్టి మారుతుంది. మీ ఊరి బండ బరువు తెలిస్తే అదే పెట్టి లెక్క కట్టించండి, పుస్తకంలో దిమ్మె, కప్పీ లెక్కల కంటే హుషారుగా చేస్తుంది.

మొదట కదిలించడమే కష్టం, తర్వాత తేలిక అని అందరికీ తెలుసు. కదలని వస్తువును పట్టి ఉంచే ఘర్షణకు, అంటే స్థైతిక ఘర్షణకు, ఉన్న గరిష్ఠం, జారుతున్నప్పటి గతిక ఘర్షణ కంటే మామూలుగా ఎక్కువే. దానికి తోడు బండ కొంచెం మట్టిలో దిగబడి ఉంటుంది. అందుకే బండ ఒకసారి ఆగిందంటే తోలేవాళ్లకు ప్రాణం పోయినంత పని, టైమ్ అంతా అక్కడే కరిగిపోతుంది.

దీని పక్కనే ఇంకో అపోహ ఉంటుంది, మీరు అడగకపోయినా చెప్పాలి. బండ ఒకే వేగంతో సాగిపోతుంటే లాగుడు ఘర్షణ కంటే ఎక్కువ ఉందనుకుంటారు చాలామంది. ఉండదు. ఒకే వేగంతో పోతున్నంతసేపూ లాగుడూ ఘర్షణా సరిగ్గా సమానం. ఎక్కువ ఉండాల్సింది నిలబడ్డ బండ వేగం పుంజుకునే ఆ మొదటి కాసేపే. ఫలిత బలం సున్నా అంటే "కదలదు" అని కాదు, "వేగం మారదు" అని. మొదటి నియమం అదే కదా. మీ అమ్మాయి ప్రశ్నలో దాక్కున్న రెండో పొరపాటు ఇదే, కొట్టేసుకుంటే ఆగిపోవాలనుకుంది. నిలబడ్డదైతే నిలబడే ఉంటుంది, పోతున్నదైతే అలాగే పోతుంటుంది. ఈ ఒక్క ముక్క ఒంటబడితే ఇంటర్ మెకానిక్స్‌లో సగం టెన్షన్ పోతుంది.

సమానం అన్నది నిజంగా సమానమేనా అన్న అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సామాన్లు వేలాడదీసి తూచే స్ప్రింగ్ కాటాలు రెండు తెచ్చి, కొక్కేనికి కొక్కెం తగిలించి, ఒకటి మీరు పట్టుకుని ఇంకోటి అమ్మాయికివ్వండి. ఎవరు ఎంత గట్టిగా లాగినా, ఒకరు ఇంకొకర్ని ఈడ్చుకుపోతున్నా, రెండింటి ముల్లూ ఒకే అంకె చూపిస్తాయి, కాటాల్లో తయారీ తేడా ఉంటే తప్ప. తాడులాట కూడా ఇంతే. గెలిచిన జట్టు తాడును ఎక్కువ బలంతో లాగిందంటారు, కానీ తాడులో తన్యత రెండు వైపులా దాదాపు ఒకటే. గెలిచినవాళ్లు నేలను ఎక్కువ బలంతో తన్నారు. అందుకే బరువైనవాళ్లను, అరుగుదల లేని బూట్లు ఉన్నవాళ్లను ఏరుకుంటారు.

"దాదాపు" అన్నాను, దానికి కారణం ఉంది. ఎద్దులు గొలుసును లాగేది, గొలుసు బండను లాగేది, ఇవి రెండూ చర్య ప్రతిచర్య జంట కావు, మధ్యలో గొలుసు మూడో వస్తువు. జంటలు ఎద్దులు–గొలుసు ఒకటి, గొలుసు–బండ ఒకటి. గొలుసు బరువు చాలా తక్కువైతేనో, వేగం మారకుండా పోతుంటేనో రెండు కొసల్లోనూ ఒకే తన్యత అని తీసుకోవచ్చు. పుస్తకంలో "ద్రవ్యరాశి లేని తాడు" అని రాసేది అందుకే, ముందు కొట్టొచ్చినట్టు అబద్ధంలా అనిపిస్తుంది గానీ లెక్కకు ఇబ్బంది లేదు.

రైలింజన్‌దీ ఇదే కథ. సరుకు రైళ్లు లాగే మన డబ్ల్యూఏజీ-9 ఇంజన్ 123 టన్నులుంటుంది, బయల్దేరేటప్పుడు సుమారు 460 కిలోన్యూటన్లతో లాగగలదు. ఇంజన్ బరువు 1230 కిలోన్యూటన్లు, 1230కి 460 అంటే పట్టాకూ చక్రానికీ మధ్య 0.37 పట్టు కావాలి. ఉక్కు మీద ఉక్కుకు, అందులోనూ వాన పడితే, అది మరీ సులువేం కాదు. అందుకే ఇంజన్లలో ఇసుక పెట్టెలుంటాయి, చక్రం జారితే పట్టాల మీద ఇసుక చల్లుతారు. మోటారు బలం ఉండగానే సరిపోదు, నేలో పట్టానో తిరిగి తొయ్యాలి. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు ఇనుప చక్రాలు బిగించేదీ ఇందుకే, టైరైతే బురదలో ఉన్నచోటే తిరుగుతుంది.

ట్రాక్టర్ పేరు వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. దిగబడ్డ లారీనో, చెట్టు మొద్దునో లాగేటప్పుడు గొలుసును వెనక ఇరుసు కంటే పైన ఎక్కడా కట్టకండి, కింద డ్రాబార్‌కే (వెనక ఉండే లాగుడు కడ్డీకే) కట్టాలి. పైన కడితే ఆ "సమానమైన వెనక్కి లాగుడు" ట్రాక్టర్‌ను వెనక చక్రాల మీద తిప్పేస్తుంది, ముందు చక్రాలు లేచి బోల్తా కొడుతుంది, డ్రైవర్‌కు దూకే టైమ్ కూడా ఉండదు. ఎద్దులు తలా మెడా దించి ముందుకు వాలి లాగేదీ ఈ తిరగబడటాన్ని ఆపుకోవడానికే.

"నేల లేకపోతే ఎవరు తోస్తారు, మరి రాకెట్ సంగతేంటి?" అని తర్వాతి ప్రశ్న వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. రాకెట్ గాలిని తన్ని లేవదు. తన లోపలి ఇంధనాన్ని మండించి ఆ వాయువును వెనక్కి తోస్తుంది, వాయువు దాన్ని ముందుకు తోస్తుంది. శ్రీహరికోట నుంచి లేచే మన ఎల్‌వీఎం3 రాకెట్ దాదాపు 640 టన్నులు, 64 లక్షల న్యూటన్లకు మించి తోపు వస్తే తప్ప ప్యాడ్ వదలదు. ఈ విషయంలో పిల్లలే కాదు, పెద్దవాళ్లూ తడబడ్డారు. శూన్యంలో రాకెట్‌కు తన్నడానికి ఏమీ ఉండదు కదా అని 1920లో న్యూయార్క్ టైమ్స్ తన సంపాదకీయంలో అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. అపోలో 11 బయల్దేరిన మర్నాడు, 1969 జూలై 17న, సవరణ వేసుకుంది. అప్పటికి గొడార్డ్ బతికి లేడు.

పరీక్షల్లో మాత్రం ఎక్కువ మార్కులు పోయేది ఇంకో చోట. నేల మీద కదలకుండా ఉన్న బండ బరువు కిందికి, నేల ఆనుడు పైకి, రెండూ సమానం, వ్యతిరేకం, కాబట్టి అవి చర్య ప్రతిచర్యలు అని రాసేస్తారు. కావు. రెండూ బండ మీదే ఉన్నాయి, జంట ఎప్పుడూ ఒకే వస్తువు మీద ఉండదు. భూమి బండను లాగితే దాని జంట, బండ భూమిని లాగడం. నేల బండను పైకి తోస్తే దాని జంట, బండ నేలను కిందికి నొక్కడం. అనుమానం వస్తే ఇలా రాసి చూడమనండి: "క, ఖను లాగింది" అయితే జంట "ఖ, కను లాగింది". పేర్లు అటూ ఇటూ మారాలి, బలం రకం మారకూడదు. గొలుసు కట్టి ఏటవాలుగా ఎత్తుతుంటే బరువు 15000 అలాగే ఉంది, ఆనుడు మాత్రం 13000 దగ్గరికి దిగింది, చూశారుగా. నిజమైన జంట అయితే ఎప్పటికీ తేడా రాకూడదు.

చివరగా మీ అమ్మాయికి ఒక లెక్క. అదే 1500 కిలోల బండ ఆగిపోయింది. ఎద్దులు అలిసిపోయి నేలకు సమాంతరంగా 3000 న్యూటన్లతోనే లాగుతున్నాయి, బండ కదలట్లేదు. ఇప్పుడు ఘర్షణ ఎంత? 0.6ను 15000తో గుణించి 9000 అని రాస్తే తప్పు. అంత ఘర్షణ ఉంటే బండ వెనక్కి జరగాలి. జవాబు 3000. కదలనంతసేపూ ఘర్షణ ఎంత లాగితే అంతే పట్టుకుంటుంది, దాని గరిష్ఠం దాటేదాకా. ఎద్దులు లాగడం మానేస్తే సున్నా.